గుండె బ్లాకులకు సూక్ష్మక్రిమే కారణమా? నాన్న అజిత్రోమైసిన్ కోర్సు వాడతానంటున్నారు

ఉప్పల్ సంతోష్:

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

మా నాన్నకు 61 ఏళ్లు. ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. మొన్న జనవరిలో ఆయనకు జ్వరం, దగ్గు, విపరీతమైన ఒళ్లు నొప్పులు. డోలో వేసుకుంటూ నెట్టుకొచ్చారు. జ్వరం తగ్గింది కదా అని మళ్లీ పొద్దున వాకింగ్‌కి వెళ్లడం మొదలుపెట్టిన రెండు మూడు రోజులకే ఛాతీ మీద బరువు పెట్టినట్టు నొప్పి, చొక్కా తడిసిపోయేలా చెమటలు. హాస్పిటల్‌కి తీసుకెళ్తే హార్ట్ ఎటాక్ అన్నారు. యాంజియో చేసి స్టెంట్ వేశారు. ఇప్పుడు బాగానే తిరుగుతున్నారు. రక్తం గడ్డకట్టకుండా ఎకోస్ప్రిన్, టికాగ్రెలార్, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర అటోర్వాస్టాటిన్, ఇంకా మెటోప్రొలాల్ వాడుతున్నారు. షుగర్ ఉంది, దానికి మెట్‌ఫార్మిన్. బీడీలు మాత్రం ఆ రోజు నుంచి ముట్టలేదు.

ఇక అసలు సంగతి. డిపోలో ఆయనతో పనిచేసిన స్నేహితుడొకాయన వాట్సాప్‌లో ఒక వీడియో పంపారు. గుండె బ్లాకులకు కొలెస్ట్రాల్ కారణం కాదట, ఊపిరితిత్తుల్లో పుట్టే ఒక సూక్ష్మక్రిమి కారణమట. ఫిన్లాండ్ డాక్టర్లు 1988లోనే కనిపెట్టారట. చవకైన యాంటీబయాటిక్‌తో నయమైపోతే స్టెంట్లు ఎవరు కొంటారని మందుల కంపెనీలు విషయాన్ని తొక్కిపెట్టాయట. అది చూసినప్పటి నుంచి నాన్న అజిత్రోమైసిన్ వారానికొకటి చొప్పున కొన్ని నెలలు వేసుకుంటానంటున్నారు. రెండు స్ట్రిప్పులు తెచ్చి అలమరలో పెట్టారు కూడా. అంతకన్నా నాకు భయమేస్తున్నది ఏంటంటే, "కొలెస్ట్రాల్ కారణమే కానప్పుడు ఆ గోలీ ఎందుకు?" అని రాత్రి వేసుకునే స్టాటిన్ మానేద్దామని చూస్తున్నారు.

ఫార్వర్డ్‌లు నమ్మకు నాన్నా అని కొట్టిపారేయలేకపోతున్నాను. ఎందుకంటే ఆయన వాదనలో బలముంది. పదేళ్ల కింద ఆయనకు కడుపులో అల్సర్ వస్తే రెండు వారాలు యాంటీబయాటిక్ కిట్ ఇచ్చారు, మళ్లీ రాలేదు. "అల్సర్ కారం తింటె వస్తది, టెన్షన్‌తోని వస్తది అని ఎన్నేండ్లు చెప్పిండ్రు? ఆఖరికి క్రిమి అని తేలిందా లేదా? మరి గుండెకు ఎందుకు కావద్దు? నాకు జ్వరం వచ్చినంకనే గదా ఎటాక్ వచ్చింది" అంటున్నారు. నా దగ్గర జవాబు లేదు. కార్డియాలజిస్టును అడిగితే "అవన్నీ పట్టించుకోవద్దు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. బయట అంత క్యూ ఉంటే ఆయన మాత్రం ఏం చెప్తారు.

తెలిసినవాళ్లు చెప్పండి. ఆ ఫిన్లాండ్ సంగతి నిజమేనా? నిజమైతే ఎందుకు వాడట్లేదు? వాడితే నష్టమేమైనా ఉందా? ఆయనకు చిగుళ్ల నుంచి రక్తం కూడా వస్తుంటుంది. నోటి క్రిములు గుండెకు చేరతాయని ఆ వీడియోలోనే చెప్పారు. అది కూడా నిజమేనా?

ఫార్మసిస్ట్ రమేశ్, నల్లకుంట:

సంతోష్ తమ్ముడూ, మిగతా చర్చ పెద్దవాళ్లు చేస్తారు. నేను కౌంటర్ వెనక నిలబడి చెప్పగలిగింది చెప్తాను. మా షాపు కోరంటి దవాఖానకు, అంటే ఫీవర్ హాస్పిటల్‌కు దగ్గర్లోనే. జ్వరాల సీజన్‌లో అజిత్రోమైసిన్ 500 ఒక్కటివ్వు, మూడివ్వు అని చీటీ లేకుండా అడిగేవాళ్లు రోజూ వస్తారు. ఇవ్వను. గుండె పేషెంటుకైతే అసలే ఇవ్వను.

అజిత్రోమైసిన్ కొందరిలో గుండె లయను ప్రమాదకరంగా తప్పిస్తుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2013లోనే హెచ్చరిక ఇచ్చింది. అప్పటికే గుండె దెబ్బతిన్నవాళ్లు, లయలో తేడా ఉన్నవాళ్లు, ఒంట్లో పొటాషియం తగ్గినవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు డాక్టర్ చూసి మూడు రోజులో ఐదు రోజులో ఇవ్వడం వేరు, ఏమీ లేకుండా నెలల తరబడి మింగడం వేరు.

ఇంకోటి తప్పకుండా చూడు. అల్సర్‌కి వాడిన కిట్ అన్నావు. ఆ కిట్లలో సాధారణంగా ఉండేది క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్. నాన్నగారు "అప్పుడు పనిచేసిందిగా" అని ఆ పాత చీటీ పట్టుకుని వెళ్లారంటే చాలా ప్రమాదం. ఆయన ఇప్పుడు వాడుతున్న టికాగ్రెలార్‌తో దాన్ని కలపకూడదు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. అటోర్వాస్టాటిన్ కూడా రక్తంలో పేరుకుపోయి కండరాలు దెబ్బతినవచ్చు, కిడ్నీల దాకా పోవచ్చు. ఆ పాత చీటీ ఇంట్లో ఉంటే ముందు దాన్ని తీసెయ్యి.

తార్నాక విజయ:

సంతోష్ బాబూ, మీ నాన్నగారి ప్రశ్న చాలా మంచి ప్రశ్న. దాన్ని ఎవరూ వెక్కిరించకూడదు. 1990లలో ప్రపంచంలోని గొప్ప గొప్ప హృద్రోగ శాస్త్రవేత్తలు సరిగ్గా ఆయనలాగే, అదే అల్సర్ ఉదాహరణతో ఆలోచించారు. నేను నగరంలోని ఒక మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ చెప్పి రిటైరయ్యాను. ఆ రోజుల్లో లైబ్రరీకి విదేశీ జర్నల్స్ నెలలు ఆలస్యంగా వచ్చేవి. ఈ విషయం మీద కొత్త పేపర్ వచ్చిందంటే మా డిపార్ట్‌మెంట్‌లో ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని చదివేవాళ్లం. అందుకే మొదటి నుంచి చెప్తాను. ఇది మీరు నాన్నగారికి చదివి వినిపించండి.

ఆ క్రిమి పేరు క్లమీడియా న్యుమోనియే. సుఖవ్యాధి క్లమీడియా వేరు, ఇది దాని దాయాది. దగ్గు, గొంతు నొప్పి, ఒక మోస్తరు న్యుమోనియా తెస్తుంది. మొదటి నమూనా 1965లో తైవాన్‌లో ఒక పిల్లవాడి కంటి నుంచి దొరికింది. దాన్ని పట్టుకుని ఏళ్ల తరబడి కూర్చున్నవాడు అమెరికాలో సియాటిల్ నగరానికి చెందిన థామస్ గ్రేస్టన్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది. 1988లో ఫిన్లాండ్‌లో పెక్కా సైక్కు బృందం గుండెపోటు వచ్చినవాళ్ల రక్తంలో ఈ క్రిమికి వ్యతిరేకంగా తయారైన యాంటీబాడీలు ఆరోగ్యవంతుల కంటే ఎక్కువమందిలో ఉన్నాయని చూపించింది. వీడియోలో చెప్పిన ఫిన్లాండ్ ఇదే. అంతవరకు అక్షరాలా నిజం. తర్వాత 1992లో దక్షిణాఫ్రికాలో చనిపోయినవాళ్ల గుండె రక్తనాళాలు కోసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చూస్తే, కొవ్వు పేరుకున్న గోడలోనే ఆ క్రిమి ఆకారాలు కనిపించాయి. అప్పుడు కలిగిన ఉత్సాహం నాకిప్పటికీ గుర్తుంది.

కానీ కనిపించడం వేరు, కారణమని రుజువు కావడం వేరు. దొంగతనం జరిగిన ఇంట్లో కనిపించినవాడల్లా దొంగ కాడు. ఈ క్రిమి ఎంత మామూలుదంటే, ఇరవై ఏళ్లు వచ్చేసరికి దాదాపు సగం మందికి ఇది ఒకసారి తగిలి పోయి ఉంటుంది. ముసలితనానికి ముప్పాతిక మందికి తగిలి ఉంటుంది. పైగా పొగ తాగేవాళ్లకు ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లూ ఎక్కువే, గుండెపోట్లూ ఎక్కువే. రెండూ ఒకే మనిషిలో ఉన్నాయంటే ఒకదానివల్ల ఇంకొకటి వచ్చిందా, రెండూ పొగ వల్లే వచ్చాయా? కొవ్వు పేరుకున్న చోటికి రక్షక కణాలు వెళ్తాయి. ఆ కణాల కడుపులోనే ఈ క్రిమి దాక్కుంటుంది. అంటే జబ్బు ముందే ఉండి, క్రిమి వాటితో పాటు తర్వాత చేరి ఉండవచ్చు కూడా. ల్యాబ్ ఇబ్బందులు చెప్పనక్కర్లేదు. క్రిములను పెంచే మామూలు అగార్ ప్లేట్ల మీద ఇది పెరగదు, బతికున్న కణాల్లోనే పెంచాలి. ఒకే ముక్కను నాలుగు ల్యాబులకు పంపితే నాలుగు రకాల జవాబులు వచ్చేవి.

మన ఊరి ముచ్చటే ఒకటి చెప్తాను. రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడని బేగంపేట దాటే ప్రతివాళ్లకూ తెలుసు. ఆయన అక్కడితో ఆగలేదు. మరుసటి ఏడు కలకత్తాలో పక్షుల మీద ప్రయోగాలు చేసి, దోమ కుడితేనే జబ్బు ఒక పిట్ట నుంచి ఇంకో పిట్టకు వెళ్తుందని చూపించాకే విషయం నిలబడింది. అల్సర్ సంగతీ అంతే. ఆస్ట్రేలియాలో వారెన్, మార్షల్ కడుపులో హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమిని చూశారు. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ క్రిములున్న ద్రవం తానే తాగి కడుపు వాపు తెచ్చుకున్నాడు. కానీ లోకం మొత్తం ఒప్పుకున్నది ఆ సాహసం చూసి కాదు. క్రిమిని చంపేస్తే అల్సర్ తిరిగి రావడం ఆగిపోయింది కాబట్టి ఒప్పుకుంది. మీ నాన్నగారికి జరిగింది అదే. 2005లో వాళ్లిద్దరికీ నోబెల్ ఇచ్చారు.

మరి గుండె విషయంలో క్రిమిని చంపి చూశారా? చూశారు, చాలా పెద్ద ఎత్తున చూశారు. మొదట 1997లో అర్జెంటీనాలో 202 మంది మీద, లండన్‌లో ఇంకొందరి మీద చిన్న పరీక్షలు జరిగాయి. యాంటీబయాటిక్ వాడినవాళ్లకు మేలు జరిగినట్టే కనిపించింది. మీ వీడియోలు సరిగ్గా ఇక్కడ ఆగిపోతాయి. ఆ ఆశతోనే అసలైన పెద్ద పరీక్షలు మొదలయ్యాయి. విజార్డ్ అనే పరీక్షలో గుండెపోటు వచ్చిన 7,747 మందికి మూడు నెలలు అజిత్రోమైసిన్ గానీ మందు లేని ఉత్తి మాత్ర గానీ ఇచ్చారు. 2003లో ఫలితం వచ్చింది. చెప్పుకోదగ్గ తేడా లేదు. మూడు నెలలు సరిపోలేదేమో అనుకుని, ఏసెస్ అనే పరీక్షలో 4,012 మందికి ఏడాది పాటు వారానికి 600 మిల్లీగ్రాములు ఇచ్చి నాలుగేళ్ల వరకూ గమనించారు. మీ నాన్నగారు వేసుకుంటానంటున్నది దాదాపు ఇదే కోర్సు. 2005లో తేలిన లెక్క: మందు వేసుకున్నవాళ్లలో 22.3 శాతం మందికి మళ్లీ గుండె సమస్య వచ్చింది, ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 22.4 శాతం మందికి వచ్చింది. అదే ఏడాది ఇంకొక పరీక్షలో 4,162 మందికి గాటిఫ్లాక్సాసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ ప్రతి నెలా పదేసి రోజులు రెండేళ్ల పాటు ఇచ్చారు. అక్కడా ఫలితం శూన్యం. డెన్మార్క్‌లో 4,373 మందికి రెండు వారాల క్లారిత్రోమైసిన్ ఇస్తే, 2006లో బయటపడింది ఇంకా బాధ కలిగించేది. మందు వేసుకున్నవాళ్లలోనే గుండె జబ్బు మరణాలు ఎక్కువ: 5.1 శాతం, ఇటు ఉత్తి మాత్ర వైపు 3.5 శాతం.

ఇప్పుడు గ్రేస్టన్ గుర్తున్నాడా? ఏసెస్ పరీక్షను నడిపించింది ఆయనే. జీవితంలో అన్నేళ్లు ఏ క్రిమి వెంట తిరిగాడో, ఆ క్రిమిని చంపినా గుండెకు ఉపయోగం లేదని తన పేరుతో తానే అచ్చు వేయించాడు. నాకు ఆయన మీద ఉన్న గౌరవం మాటల్లో చెప్పలేను. విజార్డ్ పరీక్షకు డబ్బు పెట్టింది ఫైజర్, అంటే అజిత్రోమైసిన్ అమ్మే కంపెనీ. పనిచేసిందని తేలితే ప్రపంచంలోని గుండె పేషెంట్లందరికీ ఏడాది పొడుగునా అమ్ముకునేవాళ్లు. వాళ్లకు లాభం తెచ్చే మాటను వాళ్లే ఎందుకు తొక్కిపెడతారు? నాన్నగారిని ఈ ఒక్క ప్రశ్న అడగండి.

స్టాటిన్ సంగతికి వస్తే, అక్కడ కూడా కారణమనుకున్న కొలెస్ట్రాల్‌ను తగ్గించి చూసే పరీక్షే జరిగింది. అదీ ఫిన్లాండ్‌తో సహా ఉత్తర ఐరోపా దేశాల్లోనే. గుండె జబ్బున్న 4,444 మందిలో సగం మందికి సింవాస్టాటిన్ అనే స్టాటిన్ ఇచ్చి ఐదేళ్లకు పైగా చూస్తే, ఉత్తి మాత్ర వైపు 256 మంది, మందు వైపు 182 మంది చనిపోయారు. అది 1994. కొలెస్ట్రాల్ తగ్గిస్తే ప్రాణాలు నిలిచాయి, క్రిమిని చంపితే నిలవలేదు. ఫిన్లాండ్‌ను నమ్మేవాళ్లు ఆ రెండో ఫిన్లాండ్‌ను కూడా నమ్మాలి కదా. ఆ మాత్ర ఒక్క రాత్రి కూడా మానొద్దని నా మాటగా చెప్పండి.

షాద్‌నగర్ వెటర్నరీ:

విజయ మేడం, అద్భుతంగా రాశారు. మా పశువైద్యం వైపు నుంచి ఒక విషయం కలుపుతాను. మారెక్స్ జబ్బు అని కోళ్లకు వస్తుంది, హెర్పిస్ జాతి వైరస్. 1978లో అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీవాళ్లు, మరే క్రిమీ సోకకుండా పెంచిన కోళ్లకు ఈ వైరస్ ఎక్కించారు. మేతలో కొలెస్ట్రాల్ పెంచకపోయినా వాటి రక్తనాళాలు మనుషుల బ్లాకుల్లాగే గట్టిపడ్డాయి. వైరస్ ఎక్కించని కోళ్లకు ఆ మేతతో అలా రాలేదు. మా షాద్‌నగర్, శంషాబాద్ వైపు హ్యాచరీల్లో పిల్ల గుడ్డులోంచి బయటికి రాగానే మొదటి రోజే మారెక్స్ టీకా వేస్తారు. కాబట్టి ఇన్ఫెక్షన్ రక్తనాళాన్ని పాడుచేయడం అసాధ్యమేమీ కాదు. మనిషిలో అలాంటి వైరస్ ఏదైనా ఉందా అనే ప్రశ్న పూర్తిగా మూసేయకూడదని నా అభిప్రాయం.

తార్నాక విజయ:

డాక్టర్ గారూ, మీరన్నది పూర్తిగా ఒప్పుకుంటాను. ఆ పేపర్ మా విద్యార్థులకు చెప్పేదాన్ని. మూసేయకూడదు, ఇంట్లో సొంతంగా మందులు మింగకూడదు. ఈ రెండూ కలిపి చెప్పాలి. క్లమీడియా మీద ఆశ వదలనివాళ్ల వాదన కూడా ఒకటుంది. ఆ క్రిమి కొన్నిసార్లు కణాల లోపల నిద్రావస్థలోకి జారుకుంటుంది, అప్పుడు అజిత్రోమైసిన్ దాన్ని చంపలేదు. కాబట్టి పరీక్షలు మందు ఓటమినే చూపించాయి కానీ క్రిమి నిర్దోషి అని చూపించలేదంటారు. న్యాయమైన వాదనే. అది నిజమైనా అలమరలో ఉన్న ఆ రెండు స్ట్రిప్పులు పనికిరానివే అవుతాయి.

కొత్తపేట డెంటిస్ట్:

సంతోష్ గారూ, చిగుళ్ల ప్రశ్నకు నేను జవాబిస్తాను. ఈ కథ కూడా ఫిన్లాండ్‌లోనే మొదలైంది. 1989లో గుండెపోటు వచ్చిన 100 మంది నోళ్లను, రాని 102 మంది నోళ్లను పోల్చి చూస్తే, గుండెపోటు వచ్చినవాళ్ల పళ్లు, చిగుళ్లు బాగా చెడిపోయి ఉన్నాయి. మొన్న 2025లో అక్కడే టాంపెరె బృందం, గుండె రక్తనాళాల్లోని కొవ్వు గడ్డల్లో దాదాపు 42 శాతం వాటిలో నోట్లో ఉండే స్ట్రెప్టోకాకస్ జాతి క్రిముల ఆనవాళ్లు చూపించింది. అవి ఒక పొర కట్టుకుని లోపల దాక్కుని ఉన్నాయట. ఆసక్తికరమైన పని. కానీ విజయ మేడం చెప్పిన మాటే ఇక్కడా వర్తిస్తుంది. చిగుళ్లకు వైద్యం చేస్తే గుండెపోట్లు తగ్గాయని చూపించిన పెద్ద పరీక్ష ఇంకా లేదు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లో అదే చెప్పింది: సంబంధం ఉంది, కారణమని రుజువు లేదు.

అలాగని ఊరుకోమనట్లేదు. 2007లో 120 మంది మీద జరిగిన ఒక పరీక్షలో చిగుళ్లకు లోతుగా క్లీనింగ్ చేస్తే, మరుసటి రోజు రక్తనాళాల పనితీరు కాస్త మందగించింది కానీ ఆరు నెలలకు ముందుకన్నా మెరుగైంది. పైగా నాన్నగారికి షుగర్ ఉంది. చిగుళ్ల వాపు తగ్గితే షుగర్ కూడా కొంత అదుపులోకి వస్తుంది. ఇది మేం రోజూ చూసేదే.

కాకపోతే ఎటాక్ వచ్చి ఇంకా కొద్ది నెలలే అయింది. ఎప్పుడు చేయించుకోవచ్చో కార్డియాలజిస్టును అడిగాకే వెళ్లండి. డెంటిస్టుకు స్టెంట్ సంగతి, మందుల పేర్లు ముందే చెప్పండి. రక్తం కారుతుందనే భయంతో ఎకోస్ప్రిన్ గానీ టికాగ్రెలార్ గానీ సొంతంగా ఆపొద్దు. స్టెంట్ మూసుకుపోతే ప్రాణం మీదికి వస్తుంది. కాస్త రక్తం కారితే మేం ఆపుకోగలం. స్టెంట్ ఉందని ముందుగా యాంటీబయాటిక్ వేసుకోవాల్సిన పని కూడా లేదు, కృత్రిమ వాల్వ్ ఉన్నవాళ్ల సంగతి వేరు. ఖర్చు ఇబ్బందైతే అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. పొద్దున్నే వెళ్లి ఓపీ చీటీ తీసుకుంటే చాలు.

ఉప్పల్ సంతోష్:

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. నిన్న రాత్రి భోజనాలయ్యాక విజయ గారు రాసింది మొత్తం నాన్నకు చదివాను. గ్రేస్టన్ దగ్గరికి వచ్చేసరికి "మళ్ల చదువు" అన్నారు. అమ్మ కూడా టీవీ ఆపేసి విన్నది. పాత కిట్ చీటీ ఫైల్లో దొరికింది, తీసేశాను. రమేశ్ అన్నా, నువ్వు చెప్పకపోతే నాకసలు తట్టేది కాదు. స్టాటిన్ వేసుకున్నారు.

కానీ ఆయన ఒక్క ప్రశ్న మాత్రం వదలట్లేదు. "సరే, క్లమీడియా కాదు. మరి నాకు జ్వరం తగ్గంగనే ఎటాక్ ఎట్ల వచ్చింది? ఊకెనే వచ్చిందా?" దీనికేం చెప్పాలి మేడం?

తార్నాక విజయ:

ఊరికే వచ్చి ఉండకపోవచ్చని చెప్పండి. ఈ విషయంలో ఆయన అనుమానం సరైనదే. నన్నడిగితే ఈ మొత్తం పరిశోధనలో మన ఇళ్లకు పనికొచ్చే భాగం ఇదే, వీడియోలు దీని జోలికే పోవు.

బ్లాకు పేరుకోవడానికి ఏళ్లు పడుతుంది. దానికి బీడీ, షుగర్, కొలెస్ట్రాల్, బీపీ కారణాలు. ఆ పేరుకున్నది ఒక రోజు పగిలి, దాని మీద రక్తం గడ్డకట్టడం వేరే సంఘటన. దాన్ని ఇన్ఫెక్షన్ తొందరపెట్టగలదు. జ్వరం వచ్చినప్పుడు గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. ఒళ్లంతా వాపు రసాయనాలు పెరిగి కొవ్వు గడ్డ మీది పల్చటి పొర బలహీనపడుతుంది. రక్తం గడ్డకట్టే గుణం ఎక్కువవుతుంది. బ్రిటన్‌లో 2004లో వైద్య రికార్డులు తిరగేసి చూస్తే, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ వచ్చిన మొదటి మూడు రోజుల్లో గుండెపోటు ముప్పు ఇంచుమించు ఐదు రెట్లు ఉంది. తర్వాత వారాల్లో అది మెల్లగా తగ్గుతూ పోయింది. కెనడాలోని ఒంటారియోలో 2018లో ఇంకా గట్టిగా, ఫ్లూ అని ల్యాబ్‌లో నిర్ధారణ అయినవాళ్లనే తీసుకున్నారు. మొదటి వారంలో ముప్పు ఆరు రెట్లు. నాన్నగారికి అప్పుడు పరీక్ష చేయలేదు కాబట్టి అది ఫ్లూయే అని నేననను. కానీ ఆయన చెప్పిన వరుస ఈ లెక్కలకు దగ్గరగానే ఉంది.

ఇక్కడ కూడా అదే కొలత వేద్దాం. ఇన్ఫెక్షన్‌ను తీసేస్తే ఏమైంది? గుండెపోటుతో చేరిన 2,500 మందికి పైగా రోగులకు, ఎక్కువమందికి చేరిన మూడు రోజుల్లోపే, ఫ్లూ టీకా గానీ ఉత్తి సూది గానీ ఇచ్చారు. స్వీడన్‌వాళ్లు నడిపించారు, మన పక్కనున్న బంగ్లాదేశ్ రోగులూ అందులో ఉన్నారు. 2021లో ఫలితం వచ్చింది. ఏడాదిలో మరణం, మళ్లీ గుండెపోటు, స్టెంట్‌లో గడ్డ, ఇవన్నీ కలిపి చూస్తే టీకా వైపు 5.3 శాతం, ఉత్తి సూది వైపు 7.2 శాతం. మరణాలు మాత్రమే చూస్తే 2.9, 4.9. చూశారా, ఏడాది పొడుగునా యాంటీబయాటిక్ మింగితే రాని ఫలితం ఒక్క సూదితో వచ్చింది. గుండె పేషెంట్లు ఫ్లూ టీకా వేసుకోవాలని పెద్ద సంఘాలన్నీ చెప్తున్నాయి. మన దగ్గర స్టెంట్ వేసి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాగితంలో ఉప్పు తగ్గించండి, నడవండి అని ఉంటుంది కానీ ఈ మాట కనిపించడం అరుదు. నాకు నిజంగా కోపం వచ్చే విషయం ఇది. ఎంతమంది బాగుపడేవాళ్లు!

హైదరాబాద్‌లో ఫ్లూ వానాకాలంలో బాగా లేస్తుంది, చలికాలంలో ఇంకోసారి వస్తుంది. అందుకని జూన్ వానలు పడకముందే వేయించండి. ఏటా వైరస్ మారుతుంది కాబట్టి ఏటా వేయించాలి. గుడ్డు అలర్జీ, పాత టీకాల రియాక్షన్ లాంటివి ఉంటే ముందు చెప్పండి. రక్తం పల్చబరిచే మందులు వాడుతున్నారు కదా, సూది వేశాక ఆ చోట కొన్ని నిమిషాలు గట్టిగా అదిమి పట్టుకోమనండి. ఈసారి జ్వరమొస్తే డోలోతో నెట్టుకురాకుండా డాక్టర్‌కి చూపించండి. తగ్గాక కూడా వెంటనే వాకింగ్‌కి పరుగెత్తకుండా నిదానంగా మొదలుపెట్టాలి.

ఇక్కడ చదువుతున్న తల్లిదండ్రులకు కూడా ఒక మాట. క్రిమి వల్ల గుండె పాడవుతుందని వందకు వంద శాతం రుజువైన జబ్బు మన మధ్యే ఉంది, దాని గురించి వీడియోలు తిరగవు. పిల్లల్లో, ముఖ్యంగా ఐదు నుంచి పదిహేనేళ్ల వాళ్లలో, స్ట్రెప్టోకాకస్ వల్ల వచ్చే గొంతు నొప్పిని పట్టించుకోకపోతే, కొందరికి రెండు మూడు వారాలకు రుమాటిక్ జ్వరం వస్తుంది. మోకాళ్లు, చీలమండలు ఒకదాని తర్వాత ఒకటి వాస్తాయి. ఆ కీళ్లు వాటంతటవే తగ్గిపోతాయి, అమ్మయ్య అనుకుంటాం. లోపల గుండె కవాటం (వాల్వ్) దెబ్బతిని ఉండవచ్చు. పాతికేళ్లకు గర్భం దాల్చినప్పుడు ఆయాసంతో హాస్పిటల్‌కి వచ్చి, అప్పుడు వాల్వ్ సన్నబడిందని తెలిసిన ఆడపిల్లలను నేను చాలామందిని చూశాను. వాళ్ల రక్తం శాంపిళ్లు మా ల్యాబ్‌కే వచ్చేవి. ఇక్కడ యాంటీబయాటిక్ నిజంగా పనిచేస్తుంది. గొంతు నొప్పప్పుడే పెన్సిలిన్ పడితే రుమాటిక్ జ్వరం వచ్చే ముప్పు బాగా తగ్గుతుంది. ఒకసారి వచ్చినా, మూడు వారాలకోసారి పెనిడ్యూర్ అనే పెన్సిలిన్ సూది ఏళ్ల తరబడి మానకుండా వేయిస్తే మళ్లీ దాడి చేసే, కవాటం ఇంకా చెడే ముప్పు బాగా తగ్గుతుంది. సూది నొప్పి అని, పిల్ల బాగానే ఉంది కదా అని మధ్యలో మానేస్తారు. దయచేసి మానకండి. పిల్లకు గొంతు నొప్పి తర్వాత కీళ్లు వాస్తే ఆలస్యం చేయకుండా నీలోఫర్‌కో దగ్గర్లోని పిల్లల డాక్టర్ దగ్గరికో తీసుకెళ్లండి.

ఉప్పల్ సంతోష్:

మేడం, టీకా సంగతి నాన్నకు చెప్పగానే "ఇది ముందుగాల ఎవ్వరు చెప్పలే" అన్నారు. శనివారం చెకప్ ఉంది, అక్కడే అడిగి వేయిస్తాం. అమ్మకు 57, షుగర్ ఉంది, గుండె సమస్య లేదు. ఆమెకు కూడా వేయించాలా?

తార్నాక విజయ:

వేయించండి. షుగర్ ఉన్నవాళ్లకు ఫ్లూ వస్తే న్యుమోనియా దాకా ముదిరే అవకాశం ఎక్కువ. పైగా ఇంట్లో ఆమెకు వస్తే నాన్నగారికి అంటుకుంటుంది. ఇద్దరికీ ఒకే రోజు వేయించేయొచ్చు. న్యుమోనియా రాకుండా వేసే న్యుమోకాకల్ టీకా గురించి కూడా శనివారం అడగండి. అజిత్రోమైసిన్ స్ట్రిప్పులు కొన్న షాపులోనే బిల్లు చూపించి తిరిగి ఇవ్వగలరేమో చూడండి. తీసుకోకపోతే చెత్తబుట్టలో వేయకుండా ఫార్మసిస్టు రమేశ్ గారిలాంటివాళ్లను అడిగి ఇవ్వండి.

ఫార్మసిస్ట్ రమేశ్, నల్లకుంట:

తీసుకురా తమ్ముడూ, బిల్లు లేకున్నా పర్వాలేదు. తిరిగి అమ్మను, కాలం చెల్లిన మందులతో కలిపి పంపించేస్తాను. వచ్చేటప్పుడు నాన్నగారి మందుల లిస్టు ఫోటో తీసుకురా, ఏది దేనితో వేసుకోకూడదో రాసిస్తాను.